పదో గది సంతకం

బహ్రెయిన్ మామీర్‌లో ఎలియేజరును ఎరగని తెలుగువాడు లేడు. అలాగని ఆయన పెద్ద ఉద్యోగస్థుడేమీ కాదు. సిత్ర వైపు ఒక వర్క్‌షాపులో స్టోరు చూసుకుంటాడు. నట్లూ బోల్టులూ ఏరి ఇవ్వడం, తీసుకున్నవాడి చేత సంతకం పెట్టించుకోవడం, అదీ ఆయన డ్యూటీ. రాజోలు తాలూకాలో పదో తరగతి తప్పి, అవీ ఇవీ చేసి, పందొమ్మిదేళ్ళ కిందట బహ్రెయిన్ వచ్చాడు. ఇప్పుడు యాభై నాలుగేళ్ళు. దేవుడు ఆయనకు చదువు అబ్బనివ్వలేదు గాని చేతిరాత మాత్రం దోసిళ్ళతో పోశాడు. తెలుగైనా ఇంగ్లీషైనా అక్షరాలు ముత్యాలే. డబ్బు పంపే ఫారమైనా, ఆసుపత్రి కాగితమైనా, పాస్‌పోర్టు రెన్యువలైనా, శుక్రవారం తెలుగు ఫెలోషిప్ ప్రార్థన ముగిశాక ఆయన చాప ముందు జనం వరస కట్టవలసిందే. పైసా పుచ్చుకునేవాడు కాదు. టీ ఇస్తే తాగేవాడు.

ఆయనకు ఇంకో విద్య కూడా ఉంది. ఎవరి సీపీఆర్ కార్డు, అంటే అక్కడి గుర్తింపు కార్డు, నంబరైనా రెండుసార్లు రాశాడంటే ఆ తొమ్మిది అంకెలూ బుర్రలో అచ్చుపడిపోతాయి. కార్డు మరిచిపోయి వచ్చినవాడికి వాడి నంబరు తానే గడగడా అప్పజెప్పి, వాడు నోరు వెళ్ళబెడితే ముసిముసిగా నవ్వుకునేవాడు. మనిషిని ఏ విద్య మోస్తుందో ఆ విద్యే ఒక్కోసారి కిందకు తోసేస్తుంది. ఆ సంగతి ఆయనకు ఈ ఎండాకాలం దాకా తెలియలేదు.

ఆయన ఉండేది పది గదుల పాత ఇల్లు. ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన, ఇంటి యజమాని, మధ్య గోడలు కట్టించి గదికొక సంసారాన్నో నలుగురు మగవాళ్ళనో పెట్టుకున్నాడు. ఇంటికి కరెంటు పక్కనే ఉన్న కోల్డ్ స్టోరు అనే కిరాణా కొట్టు లైనులోంచి వచ్చేది. పదిహేనేళ్ళ కిందట రెండు సంసారాలకు సరిపోయిన లైను అది. నాలుగు ఏసీలు ఒకేసారి తిరిగితే చాలు, ఫట్‌మని ఇల్లంతా ఆరిపోయేది. మధ్యాహ్నం ఎండలో పని ఆపేసే రోజుల్లో మగవాళ్ళంతా పన్నెండింటికే గదులకు చేరేవారు. అందరూ చేరిన పావుగంటకు కరెంటు పోయేది. ఆరో గదిలో మెర్సీ అనే అమ్మాయికి ఐదు నెలల పిల్ల. ఆ పసిదానికి ఒళ్ళంతా చెమటకాయలు పేలి, చీము పట్టి, రోజంతా గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు పది గదుల్లోనూ వినబడేది. ఎవరికీ కంటి మీద కునుకుండేది కాదు.

ఎవరికి వారు వెళ్ళి యజమానిని అడిగారు. ఆయన వినలేదు. ఒకడికి ఒక తీగ, ఇంకొకడికి ఇంకొక తీగ ఎవడు లాగిస్తాడు? అప్పుడు ఎలియేజరు ఒక ఆలోచన చేశాడు. పోయినేడు రిఫాలో ఫారం రాసిపెట్టడానికి వెళ్ళినప్పుడు ఒక ఫ్లాట్ల బిల్డింగులో చూశాడట. అక్కడివాళ్ళంతా ఒక జట్టుగా ఏర్పడి, అందరికీ కలిపి ఒకే పెద్ద కనెక్షన్ తీసుకున్నారు. గది గదికీ గుమ్మం పక్కన చిన్న మీటరు ఉంటుంది. ఎవరెంత వాడితే వారిది అంత. ఏడాదికి ఒప్పందం. ఎవరైనా మధ్యలో ఖాళీ చేస్తే తన చోటికి ఇంకొకరిని చూపించి వెళ్ళాలి.

ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక ఆయన లేచి ఈ సంగతంతా విడమరిచి చెప్పాడు. “ఒక్కొక్కళ్ళం అడిగితే అడుక్కున్నట్టుంటదండి. పదిమందిమీ కలిసి అడిగితే అది బేరం. బేరమంటే ఎవడైనా వింటాడు.”

యజమాని విన్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. పదికి పది గదులూ కాగితం మీదకు ఎక్కాలి. పేరు, సీపీఆర్ నంబరు, సంతకం. ఒక్క గది తగ్గినా అంత పెద్ద లైను తెప్పించేది లేదు.

తొమ్మిది గదులు రెండు రోజుల్లో సంతకాలు పెట్టేశాయి. మూడో గది పోశన్న జగిత్యాల మనిషి. చదవను కూడా చదవలేదు. “నువ్వు రాసినవంటే అయిపాయె, ఏడ వెట్టాల్నో చెప్పు,” అని పెట్టేశాడు. ఇక మిగిలింది పదో గది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు ఆ గదిలో లోవమ్మ మాత్రం పెట్టనంది.

లోవమ్మది తుని దగ్గర పల్లెటూరు. నలభై రెండేళ్ళుంటాయి. పొద్దున్నే లేచి రిఫా వెళ్ళి మూడు విల్లాల్లో ఇల్లు తుడిచి, బట్టలు ఇస్త్రీ చేసి వస్తుంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఎలియేజరు వెళ్ళి గుమ్మంలో నిలబడితే పీట వేసింది గాని లోపలికి రమ్మనలేదు.

“నన్నొదిలెయ్యండన్నయ్యగారండి. నాకేసీ అక్కర్లేదు. ఫేనుంది, సాలు.”

“నీ ఒక్కదాని కోసం కాదమ్మా. నువ్వు చేరకపోతే ఎవరికీ రాదు.”

ఆమె నేల చూస్తూ చెప్పింది. రెండేళ్ళ కిందట బుసైతీన్‌లో తనను పనికి రప్పించిన కఫీల్ ఇంట్లోంచి వచ్చేసింది. ఆ ఇంట్లో తెల్లవారుజామున లేస్తే నడిరేయి దాకా పని, ఒంటిపూట తిండి. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. పారిపోయిందని కేసు పెట్టారు. కొడుకు కాకినాడలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు, ఇంకా ఏడాదిన్నర ఉంది. సర్కారు వారు క్షమాభిక్ష ఇస్తారని అందరూ అనుకుంటున్నారు. అది వస్తే తనంతట తాను వెళ్ళి చెప్పుకొని, కాగితాలు సరిచేసుకుంటుంది. ఈలోపు పట్టుబడితే మాత్రం ఇంటికి పంపేస్తారు, మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టనివ్వరు.

“నా పేరు ఎక్కడా రాయకండి. మీకు దణ్ణవెడతాను.”

“రాయనమ్మా. నా మీద నమ్మకముంచు,” అన్నాడు ఎలియేజరు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

మర్నాడు కాగితం పట్టుకుని యజమాని ఆఫీసుకు వెళ్ళాడు. పదో గది ఖాళీ గదేనని, తొమ్మిదితో సరిపెట్టమని బతిమాలదామని ఆయన ఉద్దేశం. అక్కడ గుమాస్తా మలయాళీ. కాగితం పై నుంచి కిందికి చూసి, అడుగు వరస మీద వేలు పెట్టాడు.

“ఇది ఖాళీ ఏంటి భాయ్? ఆ గదిలో మనిషి ఉంది. అద్దె ఇస్తోంది. ఆవిడ సంతకం ఏది?”

“డ్యూటీలో ఉంది. తర్వాత తెస్తాను.”

“తర్వాత లేదు. అర్బాబ్, మన ఓనరు, రేపు ఊరెళ్తున్నాడు. రెండు నెలలు రాడు. ఇప్పుడిస్తే సరే, లేకపోతే ఖలాస్.”

రెండు నెలలంటే ఎండాకాలం మొత్తం. ఎలియేజరుకు మెర్సీ పిల్ల ఏడుపు చెవుల్లో మోగింది. ఇదెలాగూ ఈ గుమాస్తా బీరువాలో పడి ఉండే కాగితమే కదా అనుకున్నాడు. ఎక్కడికి వెళ్తుందని అడిగి ఉంటే గుమాస్తా చెప్పేవాడే. ఎలియేజరు అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడ్డాడేమో, ఆయనకే తెలియాలి. కాగితం తీసుకుని బయట వరండాలో నిలబడ్డాడు. ఎప్పుడో ఊరికి డబ్బు పంపే ఫారాల్లో రెండుసార్లు రాసిన లోవమ్మ నంబరు, పిలవకుండానే వచ్చేసింది. తొమ్మిది అంకెలూ వరసగా కాగితం మీద దిగిపోయాయి. పక్కన తెలుగులో ‘లోవమ్మ’ అని సంతకం కూడా చేశాడు. దానికి అర నిమిషం పట్టి ఉంటుంది.

గుమాస్తా చూసి, “శభాష్ భాయ్,” అని ముద్ర కొట్టాడు.

పన్నెండు రోజులకు కొత్త లైను వచ్చింది. గుమ్మం గుమ్మానికీ చిన్న మీటరు బిగించారు. పది గదుల్లోనూ ఏసీలు ఒక్కసారే తిరిగాయి, దీపం రెప్ప వేయలేదు. మెర్సీ పిల్ల మొదటిసారి మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోయింది. పిల్లకు ఏమైనా అయిందేమోనని తల్లి భయపడి లేపబోతే అందరూ నవ్వారు. ఆ శుక్రవారం ఫెలోషిప్ పెద్ద కాలేబు గారు ఎలియేజరు పేరెత్తి ప్రార్థన చేశాడు. లోవమ్మ గుడికి వెళ్ళే మనిషే అయినా ఆ రోజు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. “నా పేరు లేకుండానే పని జరిపించారు. మీ మేలు మరవనండన్నయ్యగారు,” అంది. అప్పుడైనా ఎలియేజరు నిజం చెప్పి ఉంటే ఆమె ఆ సాయంత్రమే వేరే ఊరికి వెళ్ళిపోయేది. చెప్పలేదు, ఎందుకంటే ఆ మాట విని ఆయనకు సంతోషం వేసింది.

మూడో వారంలో ఒక ఉదయం, ఆమె రిఫా బయలుదేరుతుండగా, వాకిట్లో బండి ఆగింది. ఇద్దరు మగవాళ్ళూ ఒక ఆడమనిషీ దిగి, తిన్నగా పదో గది దగ్గరకే వెళ్ళారు. లోవమ్మ ఏడవలేదు, అరవలేదు. చెప్పులు వేసుకుంటానని మాత్రం అడిగింది.

ఎలియేజరు పరుగున యజమాని ఆఫీసుకు వెళ్ళాడు. గుమాస్తా ఆయన మీద మండిపడ్డాడు. “కనెక్షన్ కావాలంటే ఉండేవాళ్ళ పేర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి భాయ్. ఆ నంబరు కొట్టగానే పారిపోయిన మనిషని వచ్చింది. అర్బాబ్‌కి భయం వేయదా? దాచిపెట్టాడని ఆయన్నే పట్టుకుంటారు. అందుకే ఊర్నుంచి ఆయనే కబురు చేశాడు. ఆ నంబరు నువ్వెందుకు రాశావు?”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎలియేజరు ఆ శుక్రవారం అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. నంబరు రాసింది తానేనని, సంతకం తనదేనని చెప్పి ఏడ్చాడు. తిడతారనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఎవరూ తిట్టలేదు.

“మీరు మంచికే చేశారు బ్రదర్. దేవుని చిత్తం,” అన్నాడు కాలేబు గారు.

పోశన్న ఓదార్చబోయాడు. “ఆమె కాయిదాల్లేని ఖల్లివెల్లి మనిషాయె. ఇయ్యాల గాకుంటె రేపు దొర్కుతుండె. నీ తప్పేమున్నదే అన్నా?”

మెర్సీ తన పిల్లను గుండెలకు ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది. ఎవరో లేచి టీ కలిపారు. గది చల్లగా ఉంది. ఆ చల్లదనంలో కూర్చుని ఆయన్ను తప్పుపట్టగలిగినవాళ్ళు ఆ ఇంట్లో లేరు, అదీ అసలు సంగతి. ఆయనకు వాళ్ళందరి మీదా అసహ్యం వేసింది, అందరికంటే ఎక్కువ తన మీద వేసింది.

నాలుగు రోజుల తర్వాత లోవమ్మ ఫోన్ చేసింది. టికెట్ అయిందట, గదిలో ఉన్న బట్టల సంచి తెచ్చిపెట్టమంది. పట్టుబడిన ఆడవాళ్ళను ఊరికి పంపేదాకా ఉంచే చోట ఒక బల్లకు ఇటు ఆయన, అటు ఆమె. మధ్యలో కాపలా మనిషి నిలబడింది. నాలుగు రోజుల్లో లోవమ్మ మొహం పీక్కుపోయింది. ఎలియేజరు సంచి బల్ల మీద పెట్టి, దారంతా కూడగట్టుకున్న మాట మొదలుపెట్టాడు.

“అమ్మా, నీకో సంగతి చెప్పాలి. ఆ కాగితం మీద...”

“తెలుసండి,” అంది లోవమ్మ. “ఆ కాయితం తెచ్చి నా ముందెట్టారు. ఈ సంతకం నీదేనా అనడిగారు. నా సంతకం వంకరటింకరగా ఉంటది. అంత బాగా రాసేవోళ్ళు నాకు తెలిసి ఒక్కరే.”

ఎలియేజరు తల ఎత్తలేకపోయాడు.

“నాదేనని సెప్పానండి.”

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు. “ఎందుకమ్మా అలా చెప్పావు?”

“కాదంటే మిమ్మల్నట్టుకొస్తారు. దొంగ సంతకం, ఆ కాయితం సెల్లదంటారు. లైను పీకేత్తారు. ఆ పసిపిల్ల ఒళ్ళు మళ్ళీ పుండైపోద్ది. దానికోసం సెప్పాను, మీకోసం కాదు.” ఆమె సంచి తన వైపు లాక్కుంది. “వొద్దని దణ్ణవెట్టానే. రాయనన్నారు. ఆ కబురైనా నాకు సెప్పకపోతిరి. ఓ ముక్క సెప్తే ఎక్కడికో పోయుందును కదండీ.”

“తప్పయిపోయింది తల్లీ. నన్ను...”

“ఆ మాట అడక్కండి.” ఆమె గొంతు పెరగలేదు. “చదువు మానేసి ఏదైనా పని సూసుకోమని పొద్దున్నే మావోడికి ఫోన్ చేసి సెప్పాను. ఆడు ఏడుత్తుంటే ఇనలేక పెట్టేశాను. ఆ ఏడుపు నా సెవుల్లో ఉండగా మిమ్మల్ని క్షమించేశానని ఎలా అనమంటారండి?”

కాపలా మనిషి గడియారం చూసి, “యల్లా,” అంది. లోవమ్మ సంచి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎలియేజరు కాసేపు అక్కడే నిలబడి, బయటికి పొమ్మని ఎవరో రెండోసారి చెప్పాక ఎండలోకి నడిచాడు.