కుందూ మడుగులో తెల్లబడిన సీసా

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఒక చలికాలం, నా నోటి తొందరను దిద్దుకోవడానికి నంద్యాల నుంచి బయలుదేరాను. నేను అక్కడి బడిలో సైన్సు అయ్యవారిని. కుందూ నది మడుగులో చేపలు చచ్చి తేలాయని ఒక పల్లెవాళ్ళు బండి మీద కుండతో నీళ్ళు తెచ్చారు. పరీక్షించి, నీళ్ళలో ఏ లోపమూ లేదనేశాను. అలాగైతే చేపలు పట్టే సుంకన్నే విషపు మందు కలిపాడని తేల్చి, ఊరివాళ్ళు అతని వలలు కాల్చేశారట. ఆ కబురు విన్నాకే తట్టింది, బండి కుదుపులకు కుండలో నీళ్ళు దారంతా గాలి తాగి ఉంటాయని. ఛీ, ఇంత చదివీ ఏం లాభం!

ఆరింటి బస్సెక్కితే ఆళ్ళగడ్డకు పన్నెండణాలు. మంచు వల్ల చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కడి నుంచి దొర్నిపాడు వైపు ఎద్దులబండి, రానూపోనూ రెండు రూపాయలు. బండి తోలే ఓబులేసుకు పని చెప్పాను.

"సుంకన్న కాడికా? నంద్యాల అయ్యవారే చెప్పినాక ఇంకేముందప్పా! ఊరిడిసి పోతాండాడు."

"ఆ అయ్యవారిని నేనే."

అతను ముఖం తిప్పుకుని ఎద్దులను అదిలించాడు.

పదకొండుకు చేరాం. మడుగు నిండా, నార కోసం ఊరబెట్టిన జనుము కట్టలు. కుళ్ళు కంపు. అవి ఊరి పెద్దరెడ్డివి. నేను కబురు పంపితే ఆయనా, సుంకన్నా గట్టు మీదికొచ్చి నిలబడ్డారు. చన్నీళ్ళలో ప్రాణవాయువు మామూలుగా ఎక్కువే ఉంటుంది. అది ఉంటే, రెండు మందులు వేసి మూత బిగించిన సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. మడుగుకు ఎగువన పారే నీళ్ళలో అలాగే దిగింది. తర్వాత మడుగులోకి దిగి, సీసాను నీళ్ళలోనే ముంచి, ఒక్క బుడగ లేకుండా నింపాను. మందులు వేస్తే మడ్డి తెల్లగా దిగింది.

"ఏందీ తెలుపు?" అన్నాడు పెద్దరెడ్డి.

"ఈ నీళ్ళకు ఊపిరి లేదండీ. జనుము కుళ్ళి తినేసింది. చేపలు ఊపిరాడక చచ్చాయి."

ఆయన కట్టల వైపు చెయ్యి చూపాడు. "రేపే తీపిస్తా. వలలకు నూలు నేనిస్తా సుంకన్నా."

సుంకన్న నా వైపు తిరిగాడు. "ఆ తెల్ల సీసా నాకియ్యి సారూ. మల్లా ఎవురన్నా అంటే చూపిస్తా" అన్నాడు నాతో.

మూతకు మైనం పూసి ఇచ్చాను. గాలి తగిలితే ఆ తెలుపు కూడా గోధుమరంగుకు తిరుగుతుంది, ఎవరడిగినా తెరవొద్దని చెప్పాను.

"ఆ పొద్దు కుండలో అయిందీ ఇదేనా సారూ?"

"ఇదే. దారిలో గాలి తగిలింది."

తిరుగు బండిలో ఎంత కుమిలిపోయానో చెప్పలేను. సుంకన్నను క్షమించమని అడగకుండానే వచ్చేశాను. నదుల నీళ్ళు పరీక్షించడానికి ఇటు వచ్చేవారికి ఒక్క మాట: మీరే మడుగులో దిగి సీసా నింపండి, మందులు గట్టు మీదే వేయండి. ఎవరో తెచ్చిచ్చిన కుండను చూసి మాత్రం ఏమీ చెప్పకండి. మీ మాట విని వలలు కాల్చేవాళ్ళుంటారు.