నాయన కుండీల్లో నుసుములు

మొన్న పొద్దున మాలూరులో మా అమ్మాయి ఇంట్లో కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, నల్లటి నుసుము ఒకటి వచ్చి అందులో పడింది. దోమ కాదు, ఈగ కాదు, ఆవగింజంత కూడా ఉండదు. టీవీ పక్కన మా అమ్మాయి ముద్దుగా పెంచుకుంటున్న కుండీల మట్టిలోంచి లేచి, లోకంలో ఇంకెక్కడా చోటు లేనట్టు మనిషి మొహం మీదికే వస్తుంది. అమ్మాయి అప్పటికే ఫోనులో పసుపు పచ్చని జిగురు అట్టలు తెప్పించి కుండీలకు గుచ్చింది. ఎగిరేవి అట్టకు అంటుకుంటాయి సరే, మట్టిలో ఉన్న పురుగు పిల్లల మాటేమిటే అని అడగబోయి ఊరుకున్నాను. అడగకుండా చెప్పే సలహాకు ఎంత విలువ ఉంటుందో నా వయసువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాఫీ పారబోసి వచ్చి కూర్చున్నాక మనసు మాత్రం ఊరిగాంలో గని కంపెనీ మాకిచ్చిన ఇంటి కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

మా నాయన బంగారు గనిలో, భూమి లోపల పనిచేసినవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఇక లోపలికి దిగవద్దని డాక్టరు చెప్పేనాటికి ఆయనకు యాభై కూడా నిండలేదు. నేను అప్పుడే టీచరు ఉద్యోగంలో చేరాను. వాకిట్లో నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషికి పొద్దు గడిచేదెలాగని అమ్మా నేనూ ఆలోచించి, వసారాలో ఆయన పెంచుకుంటున్న మూడు కుండీలను, అంటే బిగోనియా, ఫెర్ను, ఆఫీసరు బంగళా తోటమాలి ఇచ్చిన కొమ్మతో నాటుకున్న జెరేనియం, మంచం పక్కన కిటికీ గూట్లోకి చేర్చాం. ఏళ్ల తరబడి పగలంతా చీకట్లో గడిపిన మనిషికి పచ్చటి ఆకు మీద ఎండ పడుతుంటే చూడటం ఎంత సంతోషమో! కొత్త చిగురు కనిపించిందంటే మమ్మల్నిద్దర్నీ పిలిచి చూపించేవాడు, ఆ పూట అన్నం కూడా ఇంకో ముద్ద ఎక్కువే తినేవాడు.

ఆ ఏడు వానలు పట్టగానే కుండీల్లో నుసుములు పుట్టాయి. మనకైతే చేత్తో విసురుకుంటే పోతుంది గాని, నాయనకు ఒక్కటి ముక్కులోకి పోతే చాలు, దగ్గు పట్టుకునేది. పట్టుకుంటే ఒక పట్టాన వదిలేది కాదు. పెదాలు నీలంగా మారేవి, అమ్మ వీపు రాస్తూ ఏసయ్యను తలుచుకుంటూ నిలబడేది. ఒకరోజు ఆమె తెగేసి చెప్పింది. "ఆదివారం చర్చికి పోయేలోపల ఈ పురుగులు పోకుంటే కుండీలెత్తి బయట పారేస్తాను. నాకు చెట్లు గావల్లనా, మనిషి గావల్లనా?" నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన అలా తిరిగి పడుకోవడం నేను చూడలేకపోయాను.

మట్టి మీద పొడి ఇసుక పరిస్తే నుసుములు గుడ్లు పెట్టలేవని స్కూల్లో ఎవరో అన్నారు. మాట మంచిదే. టీచరమ్మనని పేరేగాని నాకు బుద్ధి ఉంటేగా! ఏటి ఇసుక కోసం ఎక్కడికో పోవడమెందుకు, కళ్ల ముందే కొండలంత ఎత్తున ఉంది కదా అని, మిల్లులో బంగారం తీసేశాక మిగిలిన రాతి పిండిని పోసిన సైనైడ్ గుట్ట నుంచి సంచి నిండా తెచ్చి, ముందు జెరేనియం కుండీలో పరిచాను. గాలి వీచిన రోజల్లా ఆ గుట్ట దుమ్మును ఇంట్లోంచి ఊడ్చి పోస్తూ పెరిగినదాన్ని, దాని మీద గడ్డిపరకైనా ఎందుకు మొలవదో ఒక్కసారి ఆలోచించలేదు. ఆ కుండీలో నుసుములు తగ్గిన మాట నిజం. మూడో రోజుకల్లా ఆకుల అంచులు మాడి చెట్టు వాలిపోయింది. నాయన చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపాడు. "ఇది గుట్ట మట్టి గదమ్మా! ఎంత పని చేసినావే" అన్నాడు. లోపలినుంచి ఆయన తవ్వి పంపిన రాయే పొడై వచ్చి ఆయన చెట్టును చంపింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. "ఏడ్సొద్దులే, ఇంగా రెండుండాయి" అని ఆయనే నన్ను ఊరడించాడు.

శనివారం ఎదురింటి అత్త వచ్చింది. ఆమె పుట్టిల్లు శ్రీనివాసపురం, మామిడి అంట్లు కట్టి అమ్మే ఇల్లు. వస్తూనే బిగోనియా కుండీలో వేలు దింపి, "ఇది కుండీనా, వరిమడినా? ఎవురమ్మా ఇన్ని నీళ్లు పోసేది?" అంది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కంపెనీ కొళాయి వచ్చే వేళకు బిందెల్లో మిగిలిన నిన్నటి నీళ్లు పారబోయడానికి ప్రాణం ఒప్పక అమ్మ రోజూ పొద్దున్నే కుండీల్లో వంచుతోంది. చెట్లకు బలమని సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు నేను పోస్తున్నాను. మాత్ర వేసుకున్నాక గ్లాసులో మిగిలిన నీళ్లు నాయన పోస్తున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు! అత్త కడుపు పట్టుకుని నవ్వింది. పైమట్టి గీరి పారేయించి, ఆలుగడ్డ ముక్కలు మట్టి మీద పెట్టించింది; తెల్లారి తిప్పి చూస్తే వాటి కింద పురుగు పిల్లలు బిలబిలమంటున్నాయి, ఆ ముక్కల్ని అట్లాగే తీసి పారేశాం. పైన కాస్త వేప పిండి చల్లించి, వేలు రెండు కణుపులు దింపితే తడి తగిలినంతకాలం చుక్క నీళ్లు పోయొద్దనీ, పోసేది ఒక్కరే కావాలనీ చెప్పి పోయింది.

ఆ ఒక్కరూ ఎవరన్నది అమ్మ క్షణంలో తేల్చేసింది. "మీ నాయనే పోయనీ" అంది. బిందె నీళ్లు నేలపాలవుతుంటే ఆమె మనసు ఎంత పీకిందో నాకు తెలుసు. ఆదివారం వచ్చింది, పోయింది, కుండీల ఊసు ఆమె ఎత్తలేదు. నాయనకు మళ్లీ డ్యూటీ దొరికింది. రోజూ సాయంత్రం దిండుకు ఆనుకుని లేచి, బిగోనియా మట్టిలో చూపుడు వేలు దింపి, "ఇంగా తడి ఉండాది" అనో, "రేపు పోస్తాం" అనో గంభీరంగా చెప్పేవాడు. పక్షం రోజులు తిరిగేసరికి నుసుములు పోయాయి.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే నాయన పోయాడు. సమాధి చేసి వచ్చి, చుట్టాలందరూ వెళ్లిపోయాక కిటికీ దగ్గరికి పోతే, బిగోనియా మట్టిలో ఆయన వేలు దింపిన గుంట అట్లాగే ఉంది. అమ్మ ఆ కుండీని ఎవరినీ ముట్టనివ్వలేదు. బిందె అడుగున మిగిలిన నీళ్లు కూడా వృథా పోనివ్వని మనిషి, రోజులు గడిచి ఆకులు తలలు వేలాడేసినా చుక్క పోయదు. చచ్చిపోతోందమ్మా అంటే, "పోస్తే పూడిపోతాది" అంది. చివరికి ఒక బేసిన్లో నీళ్లు పోసి కుండీని అందులో కూర్చోబెట్టాను. మట్టి అడుగునుంచే తాగింది. సాయంత్రానికి ఆకులు లేచాయి, గుంట చెదరలేదు. ఆ వేసవి అంతా దానికి అట్లాగే నీళ్లు పట్టాం.

ఇప్పుడు మట్టిలో తడి చెప్పే మీటరు వచ్చింది. మా అమ్మాయి దాన్ని గుచ్చి, ముల్లు ఎంతవరకు తిరిగిందో చూసి, పీకేసి ఆ బెజ్జం మీదే నీళ్లు పోసేస్తుంది. పోయక ఏం చేస్తుంది పాపం, అది మనిషి వేలు కాదుగా.