కళ్ళకి గంతలు కట్టిన పేరంటాలు

రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో పటాలు కట్టే లింగరాజుకి ఒక జబ్బుంది. ఏ పటం చేతికొచ్చినా వెనక అట్ట ఊడదీసి లోపలేముందో చూడాల్సిందే. రేవులో మూటలు మోసిన తాతకీ, అద్దాలు కోసిన నాన్నకీ లేని జబ్బు.

అతనికి భయమల్లా అద్దం మీది బొట్టంటేనే. దాన్ని ఆ ఇంటావిడే తుడవాలి. అందుకే కోటేశ్వరి తమ ఇంటి పేరంటాలు పటం తెచ్చినప్పుడు తడిగుడ్డ ఆమెకే ఇచ్చాడు.

పటంలో తెల్లబట్టల పిల్ల. కళ్ళకి గంతలు. చేతులు చాచి దేన్నో తడుముతోంది. కోటేశ్వరి తాతకి చెల్లెలనీ, చిన్నప్పుడే పోయి ఇంటి దేవతైందనీ ఇంట్లో చెప్పుకుంటారు. ఎల్లుండి కోటేశ్వరి కూతురు ప్రమోదని పెళ్ళికూతుర్ని చేస్తారు. అంతకన్నా ముందు పేరంటాలికి పసుపూ చీరా పెట్టాలి. చూస్తే ఫ్రేముకి చెద పట్టింది.

లింగరాజు మేకులు పీకి, పిల్ల చుట్టూ కిటికీలా కోసి పెట్టిన అట్ట లేపాడు. దాని కింద ఇంకో సగం బొమ్మ! ఓ దుంగ. గడ్డి. గొడ్డలితో ఓ మనిషి.

"ఏటిరా అది?"

"ఉండప్పా." భూతద్దం పెట్టి చూశాడు. పిల్ల బుగ్గ మీద కూడా రంగు ఎండి పగిలిన సన్నటి బీటలు. "ఇది మనిషికి తీసిన ఫొటో కాదు. రంగుల బొమ్మకి తీసినది. బాగా పాతది."

ఫోనులో వెతికాడు. "ఇంగ్లీషోళ్ళ రాణంట. గద్దె దింపీసి తల నరికీసినారంట. తల పెట్టడానికి ఆ దుంగనే తడుముతంది."

కోటేశ్వరి స్టూలు మీద కూలబడింది. "మా తాత దొరింట్లో పన్జేసీవోడు. యుద్దంలో దొర పారిపోయినప్పుడు తెచ్చుంటాడు. మరి నేను ఎవుల్కి పెట్టాల్రా చీర? నీ సెయ్యి ఊరకుండదు గదా!"

లింగరాజు వినటం లేదు. అట్ట అంచు తడిమి చూస్తున్నాడు. ఎగుడుదిగుడుగా ఉంది. "ఇది పటాలు కట్టీవోడి కోత కాదప్పా. కత్తెరతో కోసినారు. మీ ఇంట్లో ఎవులో సూసే, ఆ గొడ్డలోణ్ణి దాసీసినారు."

ఆమె లేచి, పిల్లని దగ్గరగా చూసింది.

"అన్నాయంగా సచ్చిన పిల్లే గదా పేరంటాలయ్యేది. మన పిల్లయితే ఏటి, దొరల పిల్లయితే ఏటి? పెట్టీస్తాను. అట్ట ఏసీ. గొడ్డలి కొస కనపడిందో, సెప్పుచ్చుకు కొడతాను."

"ముందు ఓ ఫొటో తీసుకోనా అప్పా?"

"తీసుకో. పెళ్ళయ్యీదాకా ప్రమోదకి మాత్రం సూపించకు."