నల్లబడాల్సిన ముక్కలు

మా ఆయన ఆస్పత్రి గేటు ఎదురుగా బండి మీద పండ్ల ముక్కలు కోసి అమ్ముతాడు. ఇరవై ఏళ్ళుగా ఆయనకు ఒకటే పట్టింపు: ముక్క నల్లబడకూడదు. కోశాడో లేదో నిమ్మనీళ్ళు చిలకరిస్తాడు. "నల్లబడ్డ ముక్క అమ్మితే నా మొహం నల్లబడ్డట్టే" అంటాడు. పట్టింపు మంచిదే. ఆ మంచే మా కొంప ముంచింది.

మా అమ్మాయి నోట్లో నాలుక లేని పిల్ల. ఏడో తరగతికి వచ్చినా క్లాసులో లేచి ఒక్క జవాబు చెప్పిన పాపాన పోలేదు. అలాంటిది ఆ ఏడు సైన్స్ ప్రాజెక్టుకు తనే చెయ్యెత్తింది. కోసిన పండు ఎందుకు నల్లబడుతుందో అందరి తల్లిదండ్రుల ముందూ చెబుతుందట.

"నువ్వు రావాలి నాన్నా. అది నీ పనే కదా" అంది. ఎన్నడూ బండి మూయనివాడు ఆ పూట మూస్తానన్నాడు.

ఆ రోజు పెందలాడే లేచి ఆపిల్ కోసి రెండు డబ్బాల్లో పెట్టింది. ఒకదానిలో ముక్కలకు నిమ్మరసం పట్టించింది, రెండోదానిలో వాటికి ఏమీ రాయలేదు. గాలి తగిలి ఆ రెండోవి నల్లబడాలి. అదే ప్రాజెక్టు. నాకు వివరంగా చెప్పింది కూడా. నేను పొయ్యి దగ్గర ఊఁ ఊఁ అన్నానే గానీ చెవిన పెట్టలేదు.

అది స్నానానికి వెళ్ళగానే ఆయన మార్కెట్ నుంచి వచ్చాడు.

"ఇదేంటే, ఇవి ఇలా అయిపోయాయి! పండ్లవాడి కూతురు ఇవి పట్టుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారు?"

డబ్బాకు 'నిమ్మరసం రాయనివి' అని చీటీ అంటించే ఉంది. నల్లబడ్డ ముక్క కనిపిస్తే ఆయనకు ఇంకేమీ కనిపించదు. వాటిని పారేసి, కొత్తవి కోసి, నిమ్మరసం పట్టించి, మూతలు పెట్టి సంచిలో సర్దాడు. నిమ్మకాయ కోసి ఇచ్చిందెవరు? నేనే, మహాతల్లిని! పిల్ల ఆలస్యమైందని చూసుకోకుండానే సంచి భుజాన వేసుకుంది.

బళ్ళో మూతలు తీసింది. "ఏమీ రాయని ఈ ముక్కలు చూడండి, నల్ల..." అని ఆగిపోయింది. రెండు డబ్బాల్లోనూ ముక్కలు తెల్లగా ఉన్నాయి. పిల్లలు గొల్లుమన్నారు. వెనక నా పక్కన ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"ఇంట్లో ఎవరైనా మార్చారా?" అని టీచరమ్మ అడిగింది.

"లేదు మేడమ్. నేనే తప్పు చేశాను" అంది పిల్ల.

మేమే మార్చామని ఒక్క మాట అనలేకపోయాం. ఆయనా అనలేదు, నేనూ అనలేదు. పిల్ల పరువు కన్నా మా సిగ్గే మాకు ఎక్కువైంది. ఇప్పుడు ఎంత ఏడ్చి ఏం లాభం?

ఇంటికొచ్చాక ఆయన ఎంతో బతిమాలాడు. "పోనీలే నాన్నా, నాకోసమేగా చేశావు" అంది. తిట్టినా బాగుండేది.

మరుసటి ఏడు ప్రాజెక్టు స్నేహితురాలింట్లో చేసుకుంది. ఏం చేసిందో మాకు తెలియదు. ఆ పొద్దున ఆయన మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు రాకులే నాన్నా" అంది మెల్లగా. "బండి మూయడం ఎందుకు, పాపం."

"సరేనమ్మా" అని ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు.