ఆయన్నే అడుగుండ్రి

నిన్న మీరందరూ తప్పు చేశారు.

మచ్చ బొల్లారంలో అనసూయక్క ఇంటి ముందు నిలబడి, ఆమె భర్త మల్లేశ్ బావ కళ్లెదుటే, "ఇగ ఈయన్ని ఎవరు సూస్తరు" అని ఒకరినొకరు అడిగారు.

ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

బంధువులనే అనడం లేదు. భాష మీద, మనసు మీద రీసెర్చ్ పేపర్లు రాసి ప్రమోషన్లు తెచ్చుకున్న నా మిత్రులనూ అంటున్నాను. నన్ను కూడా.

నిన్న పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. అక్క నిద్రలోనే పోయిందన్నారు.

మొన్న ఆదివారం నాతో గంటసేపు పోట్లాడిన మనిషి. నమ్మకం కలగక ఇంకొకరికి ఫోన్ చేశాను.

అదే మాట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను.

మల్లేశ్ బావ సిటీ బస్సు కండక్టర్. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట రూటు. తొంభైల మధ్యలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. ఏళ్ల తరబడి అరిచిన స్టాపుల పేర్లు మాత్రం నోట్లో మిగిలాయి. లోతుకుంట, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట.

ఆకలేసినా అవే. కోపమొచ్చినా అవే.

అక్క చదివింది ఏడో తరగతి. ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆ ఆరు పేర్లతోనే ఆ ఇద్దరూ సంసారం చేశారు, గొడవలు పడ్డారు, రాజీ పడ్డారు.

అప్పట్లో నేను మేడ్చల్‌లో కొత్త లెక్చరర్ని. శామీర్‌పేటలో ఒక ట్రైనింగ్ సెంటర్ హాల్లో మూడు రోజుల సదస్సు పెట్టాం. భాష, మనసు, సంభాషణ. బ్యానర్ కట్టింది నేనే.

ఒక పెద్ద ప్రొఫెసర్, బావ గొంతు రికార్డు చేసిన క్యాసెట్ వినిపించారు. స్టాపుల పేర్లు వరసగా వస్తుంటే కొందరు నవ్వారు. ఇవి మాటలు కావు, అర్థం లేని అలవాటు మాత్రమేనని ఆయన ఇంగ్లిష్‌లో చెప్పి, మర్యాదకు తెలుగులో కూడా చెప్పారు.

బావ ఆ హాల్లోనే ఉన్నాడు. వెనక గోడ దగ్గర. కేసుగా తీసుకొచ్చి కూర్చోబెట్టాం.

పక్కనే ఉన్న అక్క లేచింది.

"సార్, గాయన గీడనే ఉన్నడు. ఆయన్నే అడుగుండ్రి."

"ఆయన చెప్పలేరు కదమ్మా."

"మీరు అడగనే లేదు. అడగంది ఎట్ల జెప్తడు?"

అప్పుడు బావ నోరు విప్పాడు. "శామీర్‌పేట. శామీర్‌పేట." బస్సు ఆపమని రేకు మీద కొట్టినట్టు, ఎడమచేత్తో కుర్చీ మీద ఒక్క దెబ్బ.

"అవునండీ, ఇది శామీర్‌పేటే" అన్నారు ప్రొఫెసర్ ఓపికగా.

"గది కాదు సార్. ఆఖరి స్టాప్ అచ్చిందంటుండు. మీరు మస్తు సేపు మాట్లాడిండ్రు, ఇగ దిగుమంటుండు."

ఈసారి హాలంతా నవ్వింది. ప్రొఫెసర్ కూడా నవ్వారు, అది ఒప్పుకోవాలి. స్టేజీ దిగొచ్చి బావ ముందు కూర్చుని మొదటిసారి ఆయన్నే అడిగారు. అక్క ఒక్కొక్కటే విప్పి చెప్పింది. బొల్లారం అంటే ఇల్లు. తూంకుంట అంటే చాయ్, డ్యూటీలో అక్కడే తాగేవాడట. హకీంపేట అంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి ఏడాది నుంచి మా సదస్సుకు ఒక రూల్ వచ్చింది. ఎవరి గురించి పేపరో ఆ మనిషికి ముందు వరుసలో కుర్చీ. మొదటి ప్రశ్న ఆ మనిషికే. జవాబు వచ్చేదాకా అందరూ ఆగాలి.

ఆ రూల్ పెట్టించింది జాకెట్లు కుట్టే మనిషి. తర్వాత చాలా నగరాల్లో చాలా సదస్సులు చూశాను. అంత మర్యాద ఎక్కడా చూడలేదు. ఆ బ్యానర్ కట్టినందుకు ఇప్పటికీ నాకు గర్వమే.

నన్ను కూడా ఆమె వదల్లేదు. రెండు వేల సంవత్సరం దాటాక ఒకసారి, గొంతు లేని జనం గురించి నిప్పులు చెరిగే పేపర్ రాసి ఆమెకు చదివి వినిపించాను.

"తమ్మీ, గిండ్ల మా ఆయన ఏడున్నడు?"

"అంతా బావ గురించే అక్కా."

"గురించి ఉన్నది. ఆయన ఏడున్నడు?"

ఆ పేపర్ నేను సదస్సులో చదవలేదు. చింపేశాను.

ఇంత జరిగాక నిన్న ఏం చేశాను?

బావ పొద్దున్నుంచి "తూంకుంట" అంటూనే ఉన్నాడు. ఎవరో భుజం తట్టి, "పాపం, మతి తప్పింది" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆ ఇంట్లో ఇన్నేళ్లు చాయ్ తాగిన నాకు, అక్కను సాగనంపి వచ్చాక, మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చింది.

ఆయనకు ఎవరూ చాయ్ ఇవ్వలేదు.

తెచ్చిచ్చాను. తాగాడు. అప్పుడు అడిగాను.

"బావా, నీ తమ్ముడు బౌరంపేట్ దిక్కు ఏదో హోమ్‌ల పెడ్తమంటుండు. పోతవా? ఏడుంటవ్?"

చాలాసేపు పట్టింది. ఆగాను.

"బొల్లారం."

కుర్చీ మీద ఒక్క దెబ్బ.

కాబట్టి నా డిమాండ్లు ఇవి:

1. బావను హోమ్‌కు పంపే మాట ఆపండి. ఆయన జవాబు చెప్పాడు.

2. అనుమానముంటే మీరూ వెళ్లి అడగండి. నన్ను కాదు, ఆయన్ని.

3. ఆ ఇంటి మీద పేపర్లు రాసినవాళ్లంతా వారానికో రోజు ఆ ఇంట్లో ఉండాలి. బుధవారం, ఆదివారం నావి. మిగతా ఐదు రోజులకు పేర్లు కింద కామెంట్లలో రాయండి. దండం పెట్టే బొమ్మలు వద్దు.

4. ఆ పేపర్లలో ఆమె పేరు చేర్చండి. అనసూయ.

5. సంతాప సభ పెడితే ముందు కుర్చీ బావది. మొదటి మాట ఆయనది. ఆయన "శామీర్‌పేట" అంటే ఎంత పెద్దమనిషైనా మైకు వదిలి దిగాలి.

అక్కా, పోయిరా. బావ చాయ్ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నిమ్మళంగా ఉండు.