కొళాయి గుంతకు రెండు బండలు

జ్యోతిలక్ష్మి తన ఇంట్లో తాను తల వంచుకుని నడుస్తుంది. అత్తగారికి భయపడి కాదు, ఆమె పోయి ఆరేళ్లయింది. తాళ్లకు భయపడి.

వాకిలి నుంచి వంటింటి దాకా మొత్తం తొమ్మిది తాళ్లు. అన్నీ మగ్గానికి వాడగా మిగిలిన నైలాను తాళ్లే. అన్నిటి కొసలూ వచ్చి ఒకే చోట, ఆమె మొగుడు నాగేశ్వర కుడిచేతి పక్కన, మేకులకు వరసగా వేలాడుతుంటాయి. నాగేశ్వర ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. ముందుగదిలో నేలను తవ్విన గుంత, దాని మీద మగ్గం. పొద్దున కాఫీ తాగి గుంతలోకి కాళ్లు జారవిడిచాడంటే మళ్లీ అన్నానికే లేస్తాడు. నడుమ ఎవరైనా లేపితే తొక్కుడు లెక్క తప్పిపోయిందని గంటసేపు సణుగుతాడు. అట్లాంటివాడు లేవకుండానే ఇల్లంతా నడిపే ఉపాయం కనిపెట్టాడు. అదీ ఈ తాళ్ల కథ.

ఒక తాడు లాగితే వీధి తలుపు గడియ ఊడిపోతుంది. ఒకటి లాగితే ఫ్యాను. ఒకటి లాగితే వంటింటి కిటికీలో గులకరాళ్ల డబ్బా గలగలలాడి, పాలగిన్నె మీదికి వచ్చిన పిల్లి పారిపోతుంది. ఒకటి లాగితే తల మీద వేలాడదీసిన క్యాను నుంచి గ్లాసులోకి మంచినీళ్లు కారతాయి. ఆరో తాడు ఎందుకో జ్యోతిలక్ష్మికి ఇప్పటికీ తెలియదు. అడిగితే, "పెట్టుంచినా. యెప్పుడన్నా పనికొస్తాది" అంటాడు.

వీధి తలుపు తాడుతోనే ఆమెకు ఎక్కువ చావు వచ్చింది. వచ్చిందెవరో చూడకుండానే లాగేస్తాడు కదా! ఆమె తలకు నూనె పెట్టుకుని, జుట్టు విరబోసుకుని నట్టింట్లో కూర్చున్న వేళ కరెంటు మీటరు చూసే ఆయన వచ్చాడు. ఇంకోసారి పెళ్లిపత్రిక పట్టుకుని కదిరి చుట్టాలు వచ్చారు. ఒకసారైతే తలుపును కొమ్ములతో పొడిచిన మేకకు కూడా గడియ తీశాడు. అది తిన్నగా వంటింట్లోకి పోయి కొత్తిమీర కట్ట తిని వెళ్లిపోయింది.

చూడవచ్చిన వాళ్లకు మాత్రం అదంతా ముచ్చట. "ఏమి తెలివప్పా నీది! నువ్వు చదువుకోనుంటే ఇంజినీరువి అయ్యుందువు" అని మెచ్చుకుంటారు. పోతూ పోతూ జ్యోతిలక్ష్మి వైపు తిరిగి, "నీకేం తక్కువమ్మా, ఇంట్లోనే ఇంత సుకం" అంటారు. ఆ సుకం ఎవరిదో, తాడు తగిలి తగిలి ఆమె నుదుటి మీద పడిన గీతను చూస్తే తెలుస్తుంది.

ఆమెకూ ఉపాయాలు లేక కాదు. పాలగిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెడితే చీమ చేరదు. మట్టికుండకు తడి గోనెపట్ట చుడితే మే నెలలో కూడా మజ్జిగ పులవదు. మిక్సీ మూత వదులైతే సైకిలు ట్యూబు ముక్క ఒకటి కోసి బిగించింది. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. ఇవన్నీ చేస్తూ ఉంటే ఎవరూ ఇంజినీరు అనలేదు. చేసిందని కూడా ఎవరూ గమనించలేదు.

సరే, తాళ్లను ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది కొళాయి గుంత.

వాళ్ల వీధి మిట్ట మీద ఉంది. అంత ఎత్తుకు కొళాయి నీళ్లు ఎక్కవు. అందుకని వీధిలో ప్రతి ఇంటి ముందూ గుంత తవ్వి, కొళాయిని నేలకంటే కిందికి దించుకున్నారు. నాలుగు రోజులకు ఒకసారి, పదకొండు గంటలప్పుడు నీళ్లు వస్తాయి. ఆ గంటలోనే పది బిందెలు పట్టాలి. జ్యోతిలక్ష్మి తొడలోతు గుంతలోకి దిగి, గొంతుక్కూర్చుని బిందె నింపి, రెండు చేతులతో ఎత్తి గట్టు మీద పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి పైకి ఎక్కాలి. పదిసార్లు. కుడి మోకాలు ఏడాది నుంచే కరకరమంటోంది. డాక్టరు ఫొటో తీయించి చూసి ఒకే మాట చెప్పాడు: "కింద కూర్చోవద్దు, కూర్చుని బరువు ఎత్తొద్దు. వినకపోతే ఈ కాలు నిన్ను మంచంలో పడేస్తుంది." ఆమె మంచంలో పడితే ఆ ఇంటికి నీళ్లెవరు తెస్తారు? ఆమెకు నొప్పికంటే ఆ ఆలోచనే ఎక్కువ బాధ పెట్టింది.

దానికి మందు పక్కింటి ముందే ఉంది. పక్కింటావిడకు అరవై ఐదేళ్లు. వీధి మొత్తం ఆమెను పెద్దక్క అంటుంది. పెద్దక్క గుంతలోకి దిగనే దిగదు. గుంత అంచున ఒక బండ పరుచుకుంది, దాని మీద కూర్చుంటుంది. లోపల గోడకు ఇంకో బండ దిగేసుకుంది, దాని మీద పాదాలు ఆనిస్తుంది. కొళాయి కింద వెడల్పు తొట్టి. ఐదు లీటర్ల నూనె క్యానును మూతి కోసి ఉంచుకుంది, పిడి దానికే ఉంది. కూర్చున్న చోటునుంచే తొట్టిలో ముంచడం, పక్కన గట్టు మీదున్న బిందెలో పోయడం. ఎత్తేది లేదు, దిగేది లేదు.

"పెద్దక్క గుంత మాదిరి మనకూ రెండు బండలు వెయ్యి" అని జ్యోతిలక్ష్మి రెండేళ్లుగా చెబుతోంది.

"రెండు బండలు వేసేదానికి తెలివెందుకు? యెవరైనా వేస్తారు" అనేవాడు నాగేశ్వర, పోగు కండె ఉన్న నాడెను మగ్గంలో ఇటునుంచి అటు విసురుతూ.

"యెవరైనా వేసేదే కదా. నువ్వూ వెయ్యి."

"గమ్మునుండు. నేను ఇంగొకటి ఆలోచిస్తాండా."

ఆలోచించింది ఈ వేసవిలో బయటపడింది. గుంత మీద మూడు వెదురుబొంగులు నిలబెట్టి, నడుమ కప్పీ వేలాడదీశాడు. కింద ఆమె బిందె నింపి కొక్కేనికి తగిలిస్తే, పైన తాను తాడు లాగుతాడు. బిందె తేలుతూ వస్తుంది. ఇదీ పథకం. పది మందికీ చెప్పాడు. నలుగురు వచ్చి చూస్తూ నిలబడ్డారు కూడా.

తాడు మూరెడు పొట్టి అయింది. ఇంకో ముక్క కలిపి ముడి వేశాడు. నేతగాడికి చేతిలో ఉన్న ముడి ఒకటే: తెగిన పట్టుపోగును అతికే ముడి. చీర మొత్తం వెతికినా కంటికి కనబడనంత సన్నటి ముడి. ముప్ఫై ఏళ్లుగా రోజుకు ఎన్నిసార్లు వేస్తాడో అతనికే తెలియదు. కళ్లు మూసుకుని అదే ముడి నైలాను తాడుకూ వేశాడు. పట్టుపోగుకు నాడె బరువు కూడా తగలదు. ఈ తాడుకు నిండు బిందె వేలాడింది.

బిందె గట్టు దాకా ముచ్చటగా వచ్చింది. చూసేవాళ్లు, "బలే!" అన్నారు. ఆ మాటకే ముడి జారింది.

జ్యోతిలక్ష్మి పక్కకు తప్పుకుంది కాబట్టి తల దక్కింది. తప్పుకోవడంలో ఆ కుడికాలే మెలిపడింది. నలుగురూ పట్టుకుని పైకి లాగారు. మోకాలు సాయంత్రానికి చిన్న సొరకాయంత అయింది.

"నైలాను జారుడు గుణం..." అని మొదలుపెట్టాడు నాగేశ్వర.

"నోరు ముయ్" అంది ఆమె. పెళ్లైన ఇరవై ఆరేళ్లలో ఆ మాట అదే మొదలు.

నాలుగో రోజు నీళ్లొచ్చాయి. జ్యోతిలక్ష్మి కాలు దిండు మీద పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. వీధిలో కేకలు మొదలయ్యాయి. నాగేశ్వర అటూ ఇటూ చూశాడు. లాగడానికి పదో తాడు లేదు. బిందె తీసుకుని తానే పోయాడు.

ఆమెకు తెరిచిన తలుపులోంచి గుంత కనబడుతూనే ఉంది. మొదటి బిందెకు పంచె తడిసింది. రెండో బిందెను ఎత్తుతూ గుంతగోడకు మోచెయ్యి గీక్కున్నాడు. మూడో బిందెకు నడుము పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమప్పా నాగేశ్వరా, గుంతలో కూచునే పని నీకు కొత్తా?" అంది పెద్దక్క, తన బండ మీద దర్జాగా కూర్చుని క్యానుతో పోసుకుంటూ. "నీ మొగ్గం ముడి చీరలో యెవరికీ కనపడదంటారే. మీ బిందెకు కనపడినట్టుందే!"

"నువ్వు గమ్మునుండు పెద్దక్కా, నడుము ఇరిగిపోతాండాది" అన్నాడతను. కొంచెం సేపు కూర్చుందామని గట్టు మీదికి చేరి, అలవాటుగా కాళ్లు గుంతలోకి జారవిడిచాడు. అంచు పెళ్లగా ఊడింది. మనిషి మట్టితో సహా లోపల పడ్డాడు.

లేచి మట్టి దులుపుకుంటూ అరిచాడు: "ఈ గుంత తవ్వినోడెవడు? కూచునేదానికి అంచు లేదు, కాళ్లు పెట్టేదానికి తావు లేదు. వానికి గుంతంటే యేందో తెలుసునా అసలు?"

"నువ్వే తవ్వినావు" అంది జ్యోతిలక్ష్మి లోపలినుంచి.

పెద్దక్క నవ్విన నవ్వుకు క్యానులో నీళ్లు ఒలికిపోయాయి.

ఆ మధ్యాహ్నం అతను మగ్గంలో కూర్చోలేదు. ఇంటి వెనక పడి ఉన్న విరిగిన తాడిపత్రి బండలు రెండు తెచ్చాడు. ఒకటి అంచుకు పరిచాడు, ఒకటి లోపల గోడకు దిగేశాడు. పాత తొట్టి కొళాయి కింద పెట్టాడు. నూనె క్యాను మూతి కోశాడు. పొద్దు గూకేలోగా అంతా అయిపోయింది. చేతులు కడుక్కుని లోపలికి వచ్చి, "మే, చూడు. కూచుంటే మొగ్గం గుంత మాదిరే ఉండాది. నాకు తట్టినాది, గుంత యేదైనా దాని సూత్రం ఒకటే..." అని ఎత్తుకున్నాడు.

"నీకు తట్టినాదా?"

"మరి?"

"రెండేండ్ల నుంచి నేను చెప్తాండేది యేంది?"

"నువ్వు చెప్పింది బండలు. నేను చెప్తాండేది సూత్రం."

ఆమె పైకప్పు వైపు చూసింది. అక్కడా ఒక తాడే కనబడింది.

వారానికి వాపు దిగింది. కర్ర పట్టుకుని పోయి కొత్త బండ మీద కూర్చుంది. కూర్చోగానే కాళ్లు గాల్లో వేలాడాయి. కింది బండ పాదాలకు జానెడు దూరంలో ఉంది. ముందుకు వంగి క్యాను ముంచబోతే ఒళ్లు ఆగలేదు, కొళాయి గొట్టం పట్టుకుని నిలదొక్కుకుంది. మోకాలు చురుక్కుమంది.

"ఇదో! ఇట్ల రా" అని పిలిచిందామె. ఆ పిలుపుకు అతను తాళ్లన్నీ వదిలి వచ్చాడు.

"యెవరి కాలు కొలిచి వేసినావు ఈ బండ?"

"నాదే. మొగ్గం గుంతకు నేసేవాని కాలే కదా కొలిచేది."

"ఈడ కూచునేది యెవరు? నువ్వా, నేనా?"

అతను ఆమె కాళ్లు వేలాడుతుండడం అప్పుడే చూసినట్టు చూశాడు. ఆరడుగుల మనిషి కాలికి దిగేసిన బండ, అతని భుజానికి కూడా రాని మనిషికి ఎట్లా అందుతుంది? లోపలికి పోయి మగ్గం తాడు ముక్క తెచ్చి, గుంతలోకి దిగి, ఆమె మోకాలి మడత దగ్గర ఒక కొస పట్టి, మడమ దాకా సాగదీసి ముడి వేశాడు. ఈసారి లావుపాటి ముడి. రెండుసార్లు లాగి చూశాడు.

"గట్టిగానే ఉండాది లే" అంది ఆమె.

ఆ ఇంట్లో మగ్గం అతని కొలత, మంచం అతని కొలత. వంటింటి గట్టు కూడా మామగారు తన మోచేతికి కట్టించిందే. ఆమె కొలతకు ఏదైనా ఉందా అని వెతుక్కుంటే రవిక తప్ప గుర్తుకు రాలేదు. అతను వంగి బండ పెకలించి పైకి జరుపుతుంటే, నడినెత్తిన పలచబడిన జుట్టు కనబడింది. జాలి రాబోయింది. ఇంతలో అతను తలెత్తి, "ఇంగ వీధిలో అందరికీ చెప్పల్ల, గుంతకు ముందు కాలు కొలవాలని. యెవరికీ తట్టలేదు చూడు!" అన్నాడు. వచ్చిన జాలి వచ్చినట్టే పోయింది.

మరుసటి నీళ్లరోజు ఆమె బండ మీద కూర్చుంది. పాదాలు రెండూ కింది బండ మీద సరిగ్గా ఆనాయి. ముంచింది, పోసింది. పది బిందెలు నిండాయి, మోకాలు ఒక్కసారి కూడా కరకరమనలేదు. బిందెలు లోపలికి మోసేది అతనే అని ముందే తేల్చి చెప్పింది. అతను మోశాడు. ప్రతి బిందెకూ పెద్దక్కకు వినబడేటట్టు గుంత సూత్రం చెబుతూ మోశాడు. పదోది దించి, తప్పించుకున్నవాడిలా పోయి మగ్గంలో కూర్చున్నాడు.

జ్యోతిలక్ష్మి చేతులు తుడుచుకుంటూ, చాలా రోజులకు నిటారుగా, తీరిగ్గా ఇంట్లోకి అడుగుపెట్టింది. తలుపు తాడు నుదుటి మీద పాత గీత దగ్గరే తగిలింది.

ఆమె అక్కడే ఆగింది. "లెయ్" అంది.

"ఇప్పుడే కూచున్యా కదే!"

"లెయ్ అంటాండా. ఆ కొలత తాడు ఎత్తుకోని రా. కాలు కొలిచినావు కదా, ఇప్పుడు ఈ తాళ్లకు తల కొలువు."