సిరి ఎడమ చేతి అచ్చు

మా మనవరాలు సిరికి ఆరో నెల నడుస్తోంది. ఆ ఆదివారం పొద్దున మిర్యాలగూడలో మా ఇంట్లో కోడలు స్వప్న రెండు గిన్నెల గోధుమపిండికి గిన్నెడు ఉప్పు పోసి ముద్ద కలుపుతోంది. పాప చేతులు అందులో అదిమి, ఆరబెట్టి, రంగు వేసి గోడకు తగిలిస్తుందట.

"చపాతీలకైతే చేతులు నొస్తయంటవు. గీదానికి మాత్రం మస్తు ఓపికున్నది" అన్నాను.

"చపాతీలు రేపటికి మిగలవు కదా అత్తమ్మా" అంది. తనది కోదాడ. మాటకు మాట సిద్ధంగా ఉంటుంది.

కుడి చేయి చక్కగా పడింది. ఐదు వేళ్లూ చూసేసరికి నా కడుపు నిండిపోయింది. ఉప్పు నోట్లోకి పోకుండా వెంటనే తుడిచాను. ఎడమ చేయి మాత్రం తెరవదు. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. స్వప్న ఒక వేలు విప్పితే ఇంకో వేలు ముడుచుకుంటోంది. చివరికి పిండిలో గుండ్రటి గుంట ఒకటి మిగిలింది.

"మొండిది, నీ లెక్కనే" అని నవ్వాను. స్వప్న నవ్వలేదు.

"ఇది ఎడమ చేత్తో ఏమన్నా పట్టుకోవడం మీరు ఎప్పుడైనా చూశారా అత్తమ్మా?"

చూడలేదు. చూడకపోగా సంబరపడ్డాను. గిలక్కాయ ఎటువైపు పెట్టినా సిరి కుడి చేయే చాపేది. ఎడమ చేత్తో ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని నా పిల్లలకు దెబ్బలు వేసి మరీ నేర్పినదాన్ని. "నేర్పకుండనే కుడిచేతితోటి తీసుకుంటది సూడున్రి" అని వాడకట్టంతా చెప్పుకున్నాను.

మర్నాడే సూర్యాపేటలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం. ఆమె పాప చేతులూ కాళ్లూ ఆడించి చూశారు. "ఎడమవైపు టోన్ ఎక్కువ ఉంది, అంటే కండరాలు బిగుసుకుంటున్నాయి. ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ వాడాలి. ఒక్కటే వాడుతున్నారంటే రెండోదాన్ని పరీక్ష చేయించాలి" అన్నారు. ఎమ్మారై రాశారు. మత్తిచ్చి పాపను లోపలికి తీసుకుపోతుంటే నా కొడుకు నరేశ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రిపోర్టులో పెరినేటల్ స్ట్రోక్ అని వచ్చింది. పక్షవాతం మా వయసు వాళ్లకే వస్తుందని నేననుకునేదాన్ని. "పుట్టకముందో, పుట్టేటప్పుడో వచ్చి ఉంటుంది. దీనివల్ల ఒకవైపు చేయీ కాలూ బలహీనపడడాన్ని హెమిప్లీజియా అంటారు. ఎవరి తప్పూ కాదమ్మా. పూర్తిగా పోయేది కాదు. కానీ ఇప్పుడే ఫిజియోథెరపీ మొదలుపెడితే చేయి చాలావరకు పనికొస్తుంది" అన్నారు డాక్టరమ్మ.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి చెప్పిన పని చిన్నదే. రోజూ గంటసేపు సిరి కుడి చేతికి మెత్తటి సాక్సు తొడగాలి. ఎడమ చేత్తోనే ఆడించాలి. స్వప్న మళ్లీ బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తోంది కాబట్టి ఆ గంట నా వంతుకు వచ్చింది.

సాక్సు తొడగగానే సిరి నా ముఖంలోకి చూస్తూ ఏడ్చేది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు తీసేశాను. తర్వాత రోజూ అంతే. సాయంత్రం స్వప్న అడిగితే "ఏసిన బిడ్డా" అనేదాన్ని.

నెలన్నర తర్వాత స్వప్న మళ్లీ పిండి కలిపింది. ఎడమవైపు మళ్లీ అదే గుంట. ఆ వారం ఫిజియో అమ్మాయి కూడా "ఇంట్లో చేయిస్తున్నారా?" అని అడిగింది. "మా అత్తమ్మ ఒక్క రోజు కూడా తప్పరండీ" అంది స్వప్న. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెప్పేశాను. "నేను చేపిస్తలేను బిడ్డా. అది ఏడుస్తుంటే నా పానం ఆగుతలేదు."

ఇల్లు చేరాం. స్వప్న గడప దగ్గర ఆగి, "నాకు మాత్రం ఆగుతుందా? నేను చూడలేననే కదా మీకు అప్పజెప్పాను" అని ఏడ్చేసింది. ఆ రోజు నా మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

మర్నాటి నుంచి గంట తప్పలేదు. అది ఏడిస్తే నేనూ ఏడ్చాను గానీ సాక్సు తీయలేదు. మెత్తటి అరటిపండు ముక్క ఎడమ చేతిలో పెట్టడానికి మొదట్లో నా చేయి రాలేదు. నెల తిరిగేసరికి అలవాటైంది. పదకొండో నెలలో పిండి మీద మూడు వేళ్లు, సగం బొటనవేలు పడ్డాయి. ఆ అచ్చును స్వప్న ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, నన్ను తప్ప.

ఇప్పుడు సిరికి మూడేళ్లు. ఎడమ చేత్తో గుండీలు పెట్టుకోలేదు. పరుగెత్తితే ఆ కాలు కాస్త ఈడుస్తుంది. వారానికోసారి ఫిజియో నడుస్తూనే ఉంది. తోటి నాయనమ్మలకు, అమ్మమ్మలకు నేను చెప్పేది ఒక్కటే. ఏడాది నిండని పసిబిడ్డ కుడి చేత్తోనే అన్నీ తీసుకుంటోందంటే నాలా మురిసిపోకండి. ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

మొన్న గుడిలో సిరి ఎడమ చేయి చాపింది. పంతులుగారు పులిహోర పెట్టబోయి ఆగి, "కుడి చెయ్యి పట్టు తల్లీ" అన్నారు. సిరి నా వైపు చూసింది.

"దాంట్లోనే పెట్టున్రి పంతులుగారూ. ఆ చెయ్యి గిట్ల పూరా తెరిచేందుకు మాకు రెండేండ్లు పట్టింది" అన్నాను.

ఆయన పెట్టారు. రెండు మెతుకులు కింద పడ్డాయి. మిగతాదంతా సిరి నోట్లో పెట్టుకుంది.